వానలు తగ్గాక బైకు మీద దూరపు జలాశయానికి తొలి గేలం వేట: ఎలా చేయాలి

అక్టోబరు చివరికి వచ్చేసరికి విశాఖలో గేలం పట్టేవాళ్ళ నోట ఒకటే మాట: "గెడ్డలు (కొండవాగులు) తగ్గాయి, జలాశయాలు నిండాయి, ఇప్పుడు వెళ్ళొచ్చా?" వెళ్ళొచ్చు. ఏడాదిలో చేప గట్టుకి ఇంత దగ్గరగా వచ్చి మేసే రోజులు తక్కువ. కాని గట్టు ఇంత మోసం చేసే రోజులు కూడా ఇవే. వేసవిలో ట్రాక్టరు తిరిగిన నేల ఇప్పుడు రెండు నెలలుగా నీటిలో నానుతోంది. పైన ఆరిన పెచ్చు, లోపల ఊబి. అందుకే ఇందులో గేలం గురించి ఎంత ఉందో, నేల గురించి అంతకంటే ఎక్కువే ఉంది.

ఏ జలాశయం, ఎవరి అనుమతి

నగరం నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగలిగినవాటిలో మూడు: గోస్తని మీద తాటిపూడి, శారద మీద రైవాడ, బొడ్డేరు మీద కోనాం. తాటిపూడి విజయనగరం జిల్లాలో ఉంది. రైవాడ, కోనాం 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళాయి. కాబట్టి విశాఖ మత్స్యశాఖ కార్యాలయంలో అడిగితే పని జరగదు, ఆ జిల్లా కార్యాలయంలోనే అడగాలి.

జలాశయాల్లో చేపపిల్లలు వదిలేదీ, పట్టుకునే హక్కు ఉండేదీ సాధారణంగా స్థానిక మత్స్యకారుల సహకార సంఘాలకు. ఊళ్ళో సంఘం పెద్దను కలవకుండా గేలం వేయకండి. రుసుము అడిగితే కట్టండి, ఎక్కడ వేయకూడదో చూపించమనండి. వాళ్ళు వల కట్టిన చోట మీ కొక్కెం తగులుకుంటే వాళ్ళ కూలి పోతుంది. వానాకాలం గుడ్లు పెట్టే కాలం, వేట నిషేధం ఎప్పటివరకో కూడా అక్కడే తెలుస్తుంది. ఆనకట్ట, మదుములు (తూములు), గేట్ల దగ్గర కూర్చోవడానికి మాత్రం ఎవరు ఒప్పుకున్నా కూర్చోవద్దు. గేట్ల కింద, నీరు దిగిపోయే వైపు అయితే అసలే వద్దు.

కావలసినవి

గేలం సామాను: 8 నుంచి 9 అడుగుల కర్ర, 4000 సైజు రీలు, 0.30 లేదా 0.35 మిల్లీమీటర్ల తంగీసు (గేలం దారం) 150 మీటర్లు, 4 నుంచి 6 నంబరు కొక్కేలు పదిహేను (నంబరు పెరిగితే కొక్కెం చిన్నదవుతుందని గుర్తుంచుకోండి), స్వివెల్ ముక్కలు (దారం మెలిపడకుండా తిరిగే లింకులు) ఆరు, నీటి మీద తేలే బెండ్లు రెండు, చిన్న గంట, చేతి వల, స్ప్రింగు త్రాసు. బరువుకి సీసం గుళ్ళు వద్దు. తాటిపూడి, రైవాడ నీళ్ళు విశాఖలో మనం తాగేవే. 12 ఎంఎం ఇనప నట్టు సుమారు 15 గ్రాములు ఉంటుంది, రెండు కలిపి కడితే చాలు. తెగి పడినా తుప్పు పట్టి పోతుంది.

నేల కోసం: ఆరడుగుల గట్టి వెదురు కర్ర, రెండు అడుగుల చతురస్రం ప్లైవుడ్ చెక్క, పదిహేను మీటర్ల నైలాన్ తాడు, మనిషికొక లైఫ్ జాకెట్. బురదలోకి గమ్ బూట్లు వేసుకోకండి. కూరుకుపోతే కాలు రాదు, నీళ్ళు నిండితే కాలు లేవదు. లేసు గట్టిగా కట్టిన పాత కాన్వాస్ బూట్లు నయం.

బైకు కోసం: పంక్చరు కిట్టు, చేతి పంపు, గాలి కొలిచే మీటరు, స్పార్క్ ప్లగ్గు ఒకటి, క్లచ్ వైరు ఒకటి, టార్చి. రెండు బైకుల మీద నలుగురు వెళ్ళడం అన్నిటికంటే మంచిది. ఒంటరిగా తొలి వేటకు వెళ్ళకండి.

ఎర: తవుడు 1 కిలో, వేరుశనగ చెక్క అర కిలో, గోధుమపిండి పావు కిలో, చోడి (రాగి) పిండి పావు కిలో, బెల్లం 100 గ్రాములు, వేయించి పొడిచేసిన మెంతులు ఒక చెంచా. వానపాములు ఒక గుప్పెడు, తడి మట్టితో కొబ్బరిచిప్పలో.

మనుషుల కోసం: తాగే నీరు తలకి 3 లీటర్లు, చోడంబలి లేదా పెరుగన్నం, దోమల మందు, నిండు చేతుల చొక్కా, పొడవాటి ప్యాంటు, శుభ్రమైన కట్టు గుడ్డలు.

1. రోజు ఎంచుకోవడం

చివరి గట్టి వాన తరవాత నాలుగైదు పొడి రోజులు గడవనివ్వండి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడితే ప్రయాణం మానుకోండి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖను తాకింది, తిత్లీ 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటింది. మన దగ్గర వేట మొదలయ్యే నెలలూ తుపానుల నెలలూ ఒకటే. విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం ప్రకటన ముందురోజు సాయంత్రం ఒకసారి, బయలుదేరే ముందు ఒకసారి చూడండి.

ఎక్కువమంది చేసే పొరపాటు ఏమిటంటే నగరం మీద ఆకాశం చూసి నిర్ణయించడం. గోస్తని పుట్టేది అనంతగిరి కొండల్లో. మీరు కూర్చున్న చోట ఒక్క చినుకు పడకపోయినా పైన కురిసిన వాన జలాశయంలోకి వస్తుంది.

2. ఇంట్లో రాసి పెట్టే కాగితం

కొండ మలుపుల్లో, జలాశయాల వెనక ఫోను పలకదు. ఏ జలాశయం, ఏ ఊరి వైపు గట్టు, ఏ దారి, బైకుల నంబర్లు, తిరిగొచ్చే వేళ, "ఇన్ని గంటలు దాటితే ఫలానా వారికి ఫోను చేయండి" అని కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. నవంబరు మధ్యలో మన దగ్గర సాయంత్రం 5.20కే సూర్యుడు అస్తమిస్తాడు. 4 గంటలకల్లా సామాను సర్దడం మొదలు కావాలి.

3. బైకు మీద బరువు సర్దడం

కర్రలను విప్పి, మూడు అంగుళాల పీవీసీ పైపులో పెట్టి, రెండు చివర్లా మూత వేసి, బైకు పక్కన పొడుగునా కట్టండి. వీపుకి నిలువుగా కట్టుకుని వెళ్ళేవాళ్ళు కనిపిస్తుంటారు. చెట్టుకొమ్మ తగిలితే పడేది మనిషే. ఐసు పెట్టె సీటు మీద కాకుండా వెనక క్యారియరు మీద, వీలైనంత కిందికి. కట్టాక బైకుని రెండు వైపులా గట్టిగా ఊపి చూడండి. పెట్టె కదిలితే మళ్ళీ కట్టండి.

పెట్రోలు కోనాం వెళ్ళేవారు చోడవరంలో, తాటిపూడి వెళ్ళేవారు ఎస్.కోట (శృంగవరపుకోట)లో నింపుకోవాలి. తరవాత బంకు దొరుకుతుందని నమ్మకండి. నవంబరు, డిసెంబరుల్లో పల్లె రోడ్ల మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, దాని చుట్టూ రాళ్ళు పేర్చి ఉంటాయి. చీకట్లో ధాన్యం మీద బ్రేకు వేస్తే చక్రం నూనె మీద జారినట్టే జారుతుంది. చెరకు బండ్లకు వెనక లైటు ఉండదు. తెల్లవారుజామున కొండ దిగువన మంచు పట్టి ఉంటే లైటు డిమ్‌లో పెట్టండి, వేగం 30 దాటనివ్వకండి.

కల్వర్టు మీదుగా నీరు పారుతుంటే, అరచేతి మందమే అయినా, దాటకండి. కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైనుంచి కనిపించదు. మట్టి దారిలోకి దిగేటప్పుడు రెండు టైర్లలోనూ 5 పిఎస్ఐ గాలి తగ్గించుకోవచ్చు. తారు రోడ్డు ఎక్కేముందు పంపుతో తిరిగి నింపి మీటరుతో చూసుకోండి. ఇది మరిచిపోయి రిమ్ము వంచుకునేవాళ్ళు ఉన్నారు. బైకుని నీటి అంచుకి తీసుకెళ్ళొద్దు. గడ్డి బాగా పాతుకున్న గట్టి నేల మీద ఆపి, స్టాండు కింద చెక్క ముక్క పెట్టండి.

4. నేల పరీక్ష

దీన్ని తొందరపడి దాటేయకండి. పావుగంట పట్టినా పట్టనివ్వండి.

వెదురు కర్రతో ముందు పొడిచి, తరవాత అడుగు వేయాలి. ప్రతి అడుగుకీ. కర్రను ఒక చేత్తో, ఒళ్ళు బరువు వేయకుండా గట్టిగా నొక్కండి. బెత్తెడు లోపు దిగి ఆగితే నిలబడొచ్చు. జాన దిగితే ప్లైవుడ్ చెక్క వేసుకుని మాత్రమే. జానకి మించి దిగితే ఆ వైపు వెళ్ళకండి. నొక్కినప్పుడు కర్ర చుట్టూ నీళ్ళు ఊరినా, పక్కన నేల చిన్నగా వణికినా అది ఊబి.

కంటికి తెలిసే గుర్తులు కొన్ని:

- పగుళ్ళు వారి పెచ్చులు లేచిన లేత బూడిద రంగు నేల చూడ్డానికి గట్టిగా ఉంటుంది. అత్యంత ప్రమాదం అదే.
- గెడ్డ వచ్చి జలాశయంలో కలిసే మూల. కొత్త వండ్రు అంతా అక్కడే దిగుతుంది. చేపలు అక్కడే ఎక్కువ, మనుషులు కూరుకుపోయేదీ అక్కడే.
- పశువుల గిట్టల జాడలు లోతుగా దిగి నీళ్ళు నిలిచిన చోటు. గిట్ట పైపైనే అచ్చు పడి ఆరిపోయి ఉంటే నేల గట్టిదని కొంత నమ్మకం.
- నీటిలోంచి పైకి వచ్చిన గడ్డి మొదళ్ళు, తుమ్మ పొదలు, పాత పొలం గట్లు. ఇవి కనిపించే చోట వేర్లు నేలను పట్టి ఉంచుతాయి. కూర్చోవడానికి మొదట వెతకాల్సింది వీటినే.

కూరుకుపోతే కాలు పైకి లాగొద్దు. ఒక కాలు లాగేకొద్దీ రెండో కాలు దిగుతుంది. వెనక్కి కూర్చున్నట్టు వాలి, వెదురు కర్రను అడ్డంగా వీపు కిందో చేతుల కిందో వేసుకుని బరువు పరచండి. పాదాన్ని చిన్నగా అటూ ఇటూ కదిపితే చుట్టూ నీళ్ళు చేరి బురద వదులవుతుంది. అప్పుడు మెల్లగా, ఒక్కో కాలూ. స్నేహితుడు దగ్గరికి పరిగెత్తుకు రాకూడదు. గట్టి నేల మీద నిలబడి తాడు విసరాలి. బూటు పోతే పోనివ్వండి.

5. నీటి మట్టం గుర్తు

కూర్చున్న వెంటనే నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, నీరు తాకిన చోట కత్తితో గీత పెట్టండి. అరగంటకోసారి చూడండి. గంటలో నాలుగు వేళ్ళ మందం పెరిగితే సామాను సర్దేయండి. మీ వెనక పల్లం ఉంటే ముందు ఆ పల్లం నిండి మీరు దిబ్బ మీద చిక్కిపోతారు. నీరు తగ్గుతుంటే గేట్లు ఎత్తి ఉండొచ్చు. చేప లోతుకి జరుగుతుంది, మీరు కూడా వేసే దూరం పెంచాలి.

ఉరుము వినపడితే కర్ర కింద పెట్టి నీటికి దూరంగా వెళ్ళండి. కార్బన్ కర్రలో కరెంటు పారుతుంది. ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు. పొలాల మీదుగా పోయే కరెంటు తీగల కింద కర్ర బిగించి నడవడం కూడా అంతే ప్రమాదం. నీటి దగ్గరికి వచ్చాకే కర్ర బిగించండి.

6. నీటి మసక చూసి ఎర నిర్ణయించడం

తెల్లటి డబ్బా మూత ఒకటి కర్ర చివర కట్టి నీటిలో ముంచండి. జానెడు లోతుకి ముందే మూత కనపడకుండా పోతే నీరు ఇంకా కొత్త నీరే. చేప వాసన పట్టే తింటుంది. వానపాము, లేదా బెల్లం ఎక్కువ వేసి ముందురోజు కలిపి పులియబెట్టిన ముద్ద వాడండి. జాన దాటి మూరెడు వరకు కనిపిస్తే మామూలు పిండిముద్ద చాలు. ఇంకా తేటగా ఉంటే సన్న తంగీసుకి మారి, గట్టు మీద నీడ పడకుండా వంగి కూర్చోవాలి.

ముద్ద చేయడం: వేరుశనగ చెక్కను వేయించి పొడి చేయండి. తవుడు, పిండ్లు, మెంతిపొడి కలిపి, బెల్లం కరిగించిన గోరువెచ్చని నీరు కొద్దికొద్దిగా పోస్తూ పిసకండి. ముద్దని గ్లాసు నీటిలో వేసి చూడాలి. ఐదు నిమిషాల లోపు విడిపోతే గోధుమపిండి కలపండి. ఇరవై నిమిషాలైనా రాయిలా ఉంటే తవుడు కలపండి. పది నుంచి పదిహేను నిమిషాల్లో అంచులు కరిగి మబ్బులా విడుతుంటే సరైనది.

నారింజ పండంత ఉండలు నాలుగు ఒకే చోట విసరండి. గంటకొకటి చొప్పున మరో రెండు మూడు. మొత్తం ముద్ద ఒకేసారి కుమ్మరిస్తే చేప కడుపు నింపుకుని మీ కొక్కెం వైపు చూడదు.

7. కట్టడం, బిగించడం

తంగీసుకి ముందు నట్టు ఎక్కించండి, అది జారుతూ ఉండాలి. తరవాత స్వివెల్, దానికి ఒక అడుగు సన్న తంగీసు, చివర కొక్కెం. కొక్కెం కంట్లోంచి తంగీసు తీసి దాని చుట్టూనే ఆరు చుట్లు చుట్టి, కంటి పక్కన ఏర్పడ్డ కన్నంలోంచి వెనక్కి తెచ్చి, ఉమ్మితో తడిపి మెల్లగా బిగించండి. పొడిగా బిగిస్తే తంగీసు వేడెక్కి అక్కడే తెగుతుంది. పెద్ద చేప పోయిందని బాధపడే సందర్భాల్లో సగం ఈ ముడి దగ్గరే.

కొక్కెం మొనని బొటనవేలి గోరు మీద ఆనించి లాగండి. జారితే మొద్దుబారింది, పట్టుకుంటే పదునుంది. రీలు డ్రాగు (చేప లాగితే తంగీసు వదిలే ఏర్పాటు) బిగింపు చూడడానికి తంగీసు చివర స్ప్రింగు త్రాసు తగిలించి లాగండి. తంగీసు తట్టుకునే బరువులో మూడోవంతు దగ్గర రీలు తిరగడం మొదలవ్వాలి. 8 కిలోల తంగీసుకి రెండున్నర కిలోల దగ్గర.

8. ఎక్కడ, ఎంత దూరం

కొత్తగా వచ్చినవాళ్ళు శక్తికొద్దీ దూరం విసురుతారు. ఈ రోజుల్లో అది వృథా. కొత్తగా మునిగిన గడ్డి, పురుగులు, గింజలు గట్టు పక్కనే ఉన్నాయి, చేప మేతకి అక్కడికే వస్తుంది. పది నుంచి పదిహేను మీటర్ల దూరం, నాలుగు నుంచి ఏడు అడుగుల లోతు చాలు. మునిగిన పొలం గట్టు ఉంటే దాని లోపలి అంచున వేయండి.

బొచ్చె పైనీటిలో తిరుగుతుంది, శీలావతి నడిమి నీటిలో, ఎర్రమోసు, బంగారుతీగ అడుగున. బొచ్చె కోసం బెండు కట్టి కొక్కేన్ని మూడడుగుల లోతున వేలాడదీయాలి. ఎర్రమోసుకీ, బంగారుతీగకీ ఎర అడుగుకి చేరాలి. బుడగలు వరసగా కదులుతూ వస్తుంటే చేప అడుగు తవ్వుతోంది. ఒకే చోట ఆగకుండా వస్తుంటే అది కుళ్ళిన ఆకుల గాలి, అక్కడ కాలం వృథా చేయొద్దు.

కర్రకి కట్టిన చిన్న గంట ఒకసారి మోగితే లాగొద్దు. చిన్న చేపలు గిల్లుతున్నాయి. తంగీసు నిలకడగా సాగుతున్నప్పుడు, లేదా బెండు పక్కకి జరుగుతూ మునిగినప్పుడు మణికట్టుతో లాగండి. నలభై నిమిషాలు ఏమీ కాకపోతే ఎర తీసి చూడండి. మొత్తం అలాగే ఉంటే చోటు మార్చాలి. ఎర మాయమై కొక్కెం ఖాళీగా వస్తే చిన్న కొక్కేనికి మారాలి, ముద్ద గట్టిగా చేయాలి. ఎర మీద చీరుకుపోయిన గుర్తులుంటే పీతలు.

ఎర్రటి పిల్లల గుంపు నీటి పైకి వచ్చి మళ్ళీ మునుగుతూ కనిపిస్తే, వాటి కింద కొర్రమీను జంట కాపలా ఉంటుంది. అక్కడ గేలం వేయకండి. తల్లిని లాగేస్తే గంటలోపు పిల్లలన్నిటినీ మిగతా చేపలు తినేస్తాయి. అర కిలో లోపు చేపలను కూడా తడి చేత్తో పట్టి వదిలేయాలి. మందుగుండు, విషం వాడి చేపలు పట్టడం 1897 నాటి మత్స్య చట్టం కాలం నుంచీ నేరం. ఎక్కడైనా చూస్తే సంఘానికి చెప్పండి.

9. పాము, పురుగు

వాన తగ్గాక రక్తపింజర గడ్డిలో, గట్ల మీద ఉంటుంది. కూర్చునే ముందు చుట్టూ కర్రతో కొట్టండి. చేతి వలని, బూట్లని గడ్డి మీద వదిలేసి మళ్ళీ చూడకుండా చెయ్యి పెట్టకండి. కాటు పడితే కోయడం, పీల్చడం, గట్టిగా తాడు కట్టడం ఏవీ చేయొద్దు. కాలు కదలకుండా చెక్క కట్టి 108కి ఫోను చేయండి. ఫోను పలకకపోతే మధ్యలో కూర్చోబెట్టుకుని బైకు మీద దగ్గర ప్రభుత్వాసుపత్రికి. తిరిగొచ్చిన రెండు వారాల లోపు జ్వరం వస్తే డాక్టరుకి "గడ్డిలో, నీటి దగ్గర కూర్చున్నాను" అని తప్పక చెప్పండి. ఒంటి మీద చిన్న నల్ల పొక్కు ఉంటే చూపించండి. గడ్డిలోని చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం అలాగే మొదలవుతుంది.

10. చేప ఇంటికి చేరేదాకా

ఐసు ఉదయమే కొనండి, ఇంటి ఫ్రిజ్ ముక్కలు మధ్యాహ్నానికి నీరవుతాయి. కిలో చేపకి కిలో పిండి ఐసు లెక్క. పట్టిన వెంటనే తల మీద ఒక్క దెబ్బతో చంపి, మొప్పలు, పేగులు తీసి, పొట్టలో ఐసు నింపండి. చెడడం మొదలయ్యేది అక్కడే. పేగులు జలాశయంలో పారేయకుండా సంచిలో వేసి తెచ్చేయండి. పెట్టె అడుగున ఐసు, దాని మీద చేప, మళ్ళీ ఐసు. కరిగిన నీరు పోయే చిన్న రంధ్రం తెరిచి ఉంచండి. నీటిలో నానిన చేప మెత్తబడిపోతుంది. ఇంట్లో పెట్టె తీశాక చేప ఒంటి మీద వేలితో నొక్కి వదలండి. గుంట వెంటనే పైకి లేస్తే, కన్ను తేటగా ఉంటే బాగుంది. గుంట అలాగే ఉండిపోతే, ఐసు ఎంత మిగిలి ఉన్నా, వండకండి.

అదే రాత్రి రీలును మంచినీటితో కడిగి డ్రాగు పూర్తిగా వదులు చేసి ఉంచండి. బైకు చైను మీది బురద ఆరకముందే తుడిచి నూనె వేయండి. తంగీసు చివరి మూడు మీటర్లు వేళ్ళ మధ్య లాగి చూసి, గరుకు తగిలిన చోటికి కోసేయండి.